జులైలో హాఫ్ మూన్ బే వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మనవాళ్ల ఇళ్లలో ఏటా జరిగే తంతే ఇది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వేసవిలో వస్తారు, జులై 4 లాంగ్ వీకెండ్ దగ్గరపడుతుంది, డబ్లిన్‌లోనో శాన్ రమోన్‌లోనో ఎండ మాడ్చేస్తుంటుంది, ఇంకేం, పులిహోర డబ్బాలు సర్దుకుని బీచ్‌కి బయల్దేరతారు. 92 రోడ్డు మీద కొండ ఎక్కేదాకా ఆకాశం నీలంగానే ఉంటుంది. అవతలి వైపు దిగుతుంటే కారు డాష్‌బోర్డు మీద ఫారెన్‌హీట్ అంకె 88 నుంచి 79కి, అక్కణ్ణుంచి 70కి, హాఫ్ మూన్ బే సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి 60కి పడిపోతుంది. సముద్రం హోరు వినబడుతుంది గానీ సముద్రం కనబడదు. నాన్నగారు కారు దిగనంటారు. పిల్లలు నీళ్లలో కాలు పెట్టి జివ్వుమని వెనక్కి పరిగెత్తుకొస్తారు. "ఛ, మన లక్కే ఇంత" అనుకుంటూ తిరిగొచ్చేస్తారు.

ఇందులో లక్కు పాత్ర చాలా తక్కువ. పొద్దున్నే మిమ్మల్ని ఇంట్లోంచి తరిమిన ఎండ ఉంది చూడండి, తీరం మీదికి పొగమంచుని లాక్కొచ్చిందీ అదే. ఆ లెక్క ఒక్కటి అర్థమైతే ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు మానుకోవాలో మీకే తెలిసిపోతుంది.

ముందు ఆ నీళ్ల సంగతి. మే నెలలో విశాఖ దగ్గర సముద్రం 28, 30 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర అదే వేసవిలో నీళ్లు 11 నుంచి 14 డిగ్రీలు. ఉత్తరం నుంచి వచ్చే చల్లటి ప్రవాహం ఒక కారణం గానీ, అసలు కారణం గాలి. వసంతం నుంచి వేసవి దాకా పసిఫిక్ మీద ఒక పెద్ద అధిక పీడనం తిష్ఠ వేస్తుంది, దాని అంచున వాయవ్యం నుంచి తీరం వెంబడే గాలి వీస్తూ ఉంటుంది. గాలి తోస్తే నీళ్లు గాలి వెళ్లే దిక్కుకే పోవాలి కదా అనిపిస్తుంది, కానీ భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో నీళ్లు కుడివైపుకి మళ్లుతాయి. 1890లలో ఆర్కిటిక్‌లో ఓడతో పాటు మంచులో చిక్కుకుని తేలుతూ వెళ్లిన నాన్సెన్ అనే నార్వే అన్వేషకుడు, మంచుగడ్డలు గాలి దిక్కుకి కుడిపక్కగా జరుగుతున్నాయని గమనించాడు. ఎక్మన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1905లో దానికి లెక్క కట్టి చూపించాడు. కాలిఫోర్నియాలో కుడివైపు అంటే నడిసముద్రం వైపు. పైనీళ్లు అలా తీరం నుంచి దూరంగా జరిగిపోతుంటే, ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. అందుకే ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు వేడెక్కవు.

ఇక పసిఫిక్ మీదుగా వందల మైళ్లు ప్రయాణించిన తేమగాలి ఈ చల్లటి నీళ్ల మీదికి వచ్చేసరికి చల్లబడుతుంది, అందులోని ఆవిరి ఉప్పు రేణువుల చుట్టూ సన్నని బిందువులై నిలుస్తుంది. అదే ఫాగ్. మన విశాఖలో గాలికి తేమ తక్కువేం కాదు, కానీ చల్లబరచడానికి కింద చల్లటి నీళ్లు లేవు, కాబట్టి అక్కడ మనకి దక్కేది ఉక్కపోత.

మరి ఈ పొగమంచు పైకి లేచి చెదిరిపోదేం? ఆ అధిక పీడనంలో పైనుంచి కిందికి దిగే గాలి నలిగి వేడెక్కుతుంది. కింద చల్లగాలి, పైన వేడిగాలి. చల్లగాలి బరువు, పైకి పోలేదు. గిన్నె మీద మూత పెట్టినట్టు, చాలా రోజులు 300 నుంచి 600 మీటర్ల ఎత్తున ఆ వేడిగాలి కూర్చుంటుంది, మంచంతా దాని కిందే ఇరుక్కుంటుంది. గోల్డెన్ గేట్ వంతెన స్తంభాల కొసలు 227 మీటర్ల ఎత్తు. కొన్ని రోజుల్లో ఆ కొసలు మాత్రమే మంచులోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయంటే ఆ రోజు మూత అంత కిందికి దిగిందన్న మాట. పాయింట్ రేస్ దగ్గర 1870లో కట్టిన లైట్‌హౌస్ చూడాలంటే మీరు 300కి పైగా మెట్లు దిగాలి. లైట్‌హౌస్‌కి ఎక్కడం విన్నాం గానీ దిగడమేంటి అనుకుంటారు, కొండ కొసన కడితే దీపం పైనుండే మంచులోనే మునిగిపోతుందని కట్టినవాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. జులైలో లోపలి లోయలో ఉన్న శాక్రమెంటోలో పగటి ఉష్ణోగ్రత సగటున 34 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, శాన్ ఫ్రాన్సిస్కోలో 19 దగ్గరే ఆగుతుంది. రెంటికీ మధ్య దూరం తొంభై మైళ్లు కూడా లేదు. లోపలి లోయలో గాలి వేడెక్కి పైకి లేస్తే అక్కడ పీడనం తగ్గుతుంది, సముద్రం మీది చల్లగాలి ఆ లోటు పూడ్చడానికి లోపలికి పరిగెడుతుంది, పోతూ పోతూ మంచుని కూడా వెంటబెట్టుకు పోతుంది. తీరం పొడవునా కొండలు అడ్డం, సముద్రమట్టంలో అసలైన సందు గోల్డెన్ గేట్ ఒక్కటే, అందుకే వంతెన కిందుగా మంచు అంత జోరుగా దూరుతుంది. ఇదే గాలి లోపలికి వెళ్లి వెళ్లి ఆల్టమాంట్ కనుమ దాటుతుంది. 580 మీద ట్రేసీ వైపు వెళ్లేటప్పుడు కొండల మీద కనిపించే గాలిమరలని వేసవిలో తిప్పేది ఎక్కువగా ఇదే.

కాబట్టి జూన్, జులై, ఆగస్టు తీరానికి అంత మంచి నెలలు కావు, ముఖ్యంగా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి మాంటెరే దాకా. దక్షిణాన లాస్ ఏంజెలిస్ వైపు మే, జూన్ ఇలా మబ్బుగా ఉంటాయి, జులై ముదిరేకొద్దీ కాస్త తెరిపిస్తుంది. ఉత్తరాన అయితే సెప్టెంబర్ దాకా ఆగాలి. అప్పటికి లోయలో వేడి తగ్గుతుంది, వాయవ్య గాలి నెమ్మదిస్తుంది, అడుగునీళ్లు పైకి రావడం తగ్గి సముద్రం ఏడాదిలోకెల్లా కాస్త వెచ్చబడుతుంది, అప్పుడప్పుడూ గాలి దిశ మారి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. వానలు నవంబర్ దాకా పెద్దగా రావు. నన్నడిగితే సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ చివరిదాకా అసలైన బీచ్ సీజన్. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) అయిపోగానే హోటల్ రేట్లు కూడా కాస్త దిగుతాయి, స్కూళ్లు తెరిచేసి ఉంటాయి కాబట్టి జనమూ పల్చబడతారు. అలాగని సెప్టెంబర్‌కి గ్యారంటీ ఏమీ లేదు. 1923 సెప్టెంబర్ 8 రాత్రి శాంటా బార్బరా దగ్గరి తీరంలో, మంచులో దారి తప్పి అమెరికా నౌకాదళానికి చెందిన ఏడు డిస్ట్రాయర్లు వరసగా రాళ్లకు గుద్దుకున్నాయి. ఇరవై ముగ్గురు నావికులు చనిపోయారు.

అమ్మానాన్నల టికెట్లు జులైలోనే ఉంటే ఏం చేయాలి? అప్పుడు వారాన్ని చూడండి. హీట్ వేవ్ మొదలయ్యే రోజుల్లో తరచూ గాలి నేల నుంచి సముద్రం వైపు తోస్తుంది, మూత బాగా కిందికి దిగుతుంది, తీరంలో కూడా ఎండ కాస్తుంది. నాలుగైదు రోజులు లోపల మాడాక సముద్రపు గాలి మళ్లీ పుంజుకుంటుంది, మంచు దూసుకొస్తుంది. మనం చేసేదేంటంటే సోమవారం నుంచి ఓపిక పట్టి, ఇక భరించలేక శనివారం బయల్దేరతాం, సరిగ్గా అది వచ్చే టైంకి. వీలైతే వేడి మొదలైన రోజే సెలవు పెట్టండి. వాతావరణ యాప్‌లో సూర్యుడి బొమ్మని నమ్మకండి, అది ఏ ఊరి లోపలి లెక్కో చెప్పడం కష్టం. శాటిలైట్ చిత్రంలో తీరం పక్కన తెల్లటి పట్టీ ఎంత వెడల్పుందో చూసి, వెళ్లే బీచ్ వెబ్‌క్యామ్ ఒకటి తెరిచి, అప్పుడు కారు తీయండి.

రోజులో అయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య ఛాన్సు ఎక్కువ. ఎండకి నేల వేడెక్కితే మంచు అంచుల నుంచి కరుగుతూ సముద్రం వైపు వెనక్కి తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. సన్‌సెట్ చూద్దామని ఏడింటికి ఓషన్ బీచ్ వెళ్లేవాళ్లంటే నాకు జాలి.

చోటు కూడా మార్చుకోవచ్చు. శాంటా క్రూజ్, కాపిటోలా దక్షిణ ముఖంగా, కొండల చాటున ఉంటాయి, హాఫ్ మూన్ బే మూసుకుపోయిన రోజు కూడా అక్కడ మధ్యాహ్నానికి తెరుచుకోవడం మామూలే. పాయింట్ రేస్‌లో సముద్రం వైపు తెల్లగా ఉంటే, కొండ ఇవతల టొమాలెస్ బే వైపు ఎండ ఉండొచ్చు. ఏదీ కుదరకపోతే టమల్‌పైస్ కొండ ఎక్కేయండి. 784 మీటర్ల ఎత్తు, చాలాసార్లు మూతకి పైన ఉంటుంది, కాళ్ల కింద మంచంతా పరుచుకుని కనిపిస్తుంది. కింద మ్యూర్ వుడ్స్‌లో రెడ్‌వుడ్ చెట్లని చూపించి, వాన పడని వేసవిలో వాటి గొంతు తడిపేది ఈ మంచేనని అమ్మానాన్నలకి చెప్పండి. ఉత్తర కాలిఫోర్నియాలో ఒక చోట కొలిస్తే ఆ అడవికి ఏడాదిలో చేరే నీటిలో దాదాపు మూడో వంతు పొగమంచు నుంచి రాలిందేనని తేలింది.

శీతాకాలంలో కథ తిరగబడుతుంది. వానకీ వానకీ మధ్య తీరం తళతళలాడుతూ ఉంటుంది, మంచు లోపలి లోయలో కూర్చుంటుంది. వాన పడిన తడినేల రాత్రి చల్లబడి పుట్టే మంచు అది, టూలీ ఫాగ్ అంటారు, పది గజాల అవతల ఏముందో కనబడదు. 2007 నవంబర్‌లో ఫ్రెజ్నో దగ్గర 99 హైవే మీద ఈ మంచులోనే వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఫ్రెజ్నో, మోడెస్టో వైపు నుంచి డిసెంబర్, జనవరిలో తీరానికి వెళ్లేవాళ్లు తెల్లారగట్ల బయల్దేరే అలవాటు ఆ ఒక్క రోజుకి మానుకోండి. పదింటి దాకా ఆగి, రోడ్డు కనబడ్డాకే వెళ్లండి. అప్పటికీ విడవకపోతే ఆ రోజుకి ట్రిప్ మానేయండి, ఒక్కోసారి అది రోజుల తరబడి కదలదు.