బ్యాట్‌మన్ కంటే ముందే క్లేఫేస్: తగువుకు మూలం 1992లో

బ్యాట్‌మన్ శత్రువుల్లో ఒకడి మీద తీసిన ‘క్లేఫేస్’ సినిమా దగ్గరపడే కొద్దీ, బ్యాట్‌మన్, సూపర్‌మ్యాన్ కామిక్స్ వేసే కంపెనీ డీసీ అభిమానుల్లో పాత తగువు మళ్లీ రాజుకుంది. డీసీ స్టూడియోస్ పగ్గాలు పట్టిన జేమ్స్ గన్, పీటర్ సఫ్రాన్ 2023 జనవరిలో రాబోయే సినిమాల జాబితా ప్రకటించారు. అందులో కొత్త బ్యాట్‌మన్ సినిమా ఉంది, క్లేఫేస్ పేరు లేదు. తీరా చూస్తే ‘సూపర్‌మ్యాన్’, ‘సూపర్‌గర్ల్’ తర్వాత వరుసలోకి వచ్చింది జాబితాలో లేని ఈ మట్టిమొహం మనిషే. హీరోను పరిచయం చెయ్యకుండా అతని శత్రువుతో మొదలుపెట్టడమేమిటని కొందరి కోపం. మిగతావాళ్లకు మాత్రం ఇది ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న సినిమా.

రెండు పక్షాలూ బాక్సాఫీసు లెక్కలు ముందు పెట్టి వాదించుకుంటున్నాయి. లెక్కలు అవసరమే. కానీ బ్యాట్‌మన్‌కు ఉన్న అంతమంది విలన్లలో జనం క్లేఫేస్ కోసమే ఇంతగా ఎందుకు పట్టుబట్టారో అవి చెప్పవు. దానికి జవాబు 1992 సెప్టెంబరులో, అమెరికన్ టీవీలో వరసగా మూడు రోజులు వచ్చిన కార్టూన్ ఎపిసోడ్లలో ఉంది.

బ్యాట్‌మన్ యానిమేషన్ సీరియల్ అప్పుడే మొదలైంది. సెప్టెంబరు 7న పాల్ డీనీ రాసిన మిస్టర్ ఫ్రీజ్ ఎపిసోడ్ వచ్చింది. అంతకుముందు మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు దొంగగా ఉన్న ఫ్రీజ్, ఆ ఒక్క ఎపిసోడ్‌తో, జబ్బుపడ్డ భార్యను కాపాడుకోలేకపోయిన భర్త అయ్యాడు. ఆ రచనకు అమెరికాలో టీవీ కార్యక్రమాలకిచ్చే డేటైమ్ ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. మర్నాడు, ఆ మర్నాడు రెండు భాగాలుగా వచ్చిందే క్లేఫేస్ కథ, ‘ఫీట్ ఆఫ్ క్లే’.

కథలో మ్యాట్ హేగన్ పేరున్న నటుడు. కారు ప్రమాదంలో మొహం పాడవుతుంది. నటుడికి మొహం పోతే ఇంకేం మిగులుతుంది? డాగెట్ అనే వ్యాపారి తన కంపెనీలో తయారైన క్రీమ్ ఇస్తాడు. అది రాసుకుంటే మొహాన్ని మైనంలా మలుచుకోవచ్చు, పాత అందం తెచ్చుకోవచ్చు, ఇంకొకరి మొహం కూడా పెట్టుకోవచ్చు. కాసేపటికి పట్టు విడిచిపోతుంది, మళ్లీ రాసుకోవాలి. హేగన్ దానికి బానిస అవుతాడు. క్రీమ్ కావాలంటే డాగెట్ చెప్పిన నేరాలు చెయ్యాలి. సరఫరా ఆపేసినప్పుడు దొంగతనంగా ఫ్యాక్టరీలోకి వెళ్లి దొరికిపోతాడు. డాగెట్ మనుషులు డబ్బాలో ఉన్న క్రీమంతా అతని మీద కుమ్మరిస్తారు. తర్వాత అతన్ని మొదట చూసేది అతని డూప్‌గా పనిచేసే స్నేహితుడు టెడ్డీ. పిల్లల కార్టూన్‌లో మత్తుకు అలవాటుపడ్డ మనిషి పతనాన్ని ఇంత సూటిగా చూపించడం అప్పట్లో పెద్ద సాహసం.

చివరి ఘట్టం ఇంకా బరువైనది. చుట్టూ టీవీ తెరల మీద హేగన్ పాత పాత్రలన్నీ ఆడుతుంటాయి. ఏ తెర కనబడితే ఆ పాత్రలోకి అతని శరీరం దానంతటదే మారిపోతుంటుంది, ఆపుకోవడం చేతకాదు. తన కీర్తే అతన్ని చిత్రహింస పెడుతుంది. రాన్ పెర్ల్‌మన్ గొంతు ఆ దృశ్యానికి ప్రాణం పోసింది. నా లెక్కలో ఈ సినిమా బీజం పడింది అక్కడే.

ఆ ఎపిసోడ్లు చేసిన పని తెలియాలంటే కామిక్స్ వైపు ఒకసారి చూడాలి. 1940లో వచ్చిన మొదటి క్లేఫేస్ పేరు బేసిల్ కార్లో. పాత హారర్ సినిమా నటుడు. తన సినిమాను వేరేవాళ్లతో రీమేక్ చేస్తున్నారన్న కసితో మాస్కు వేసుకుని ఆ యూనిట్‌లోని వాళ్లను చంపుతాడు. ఏ శక్తులూ లేవు. 1961లో వచ్చిన మ్యాట్ హేగన్‌కు రూపం మార్చే శక్తి ఉంది గానీ గుండెను పట్టే కథ లేదు. అతనో నిధుల వేటగాడు. గుహలోని వింత మడుగులో మునిగి ఆ శక్తి తెచ్చుకున్నాడు, అంతే. ఒకడికి వృత్తి ఉంది, ఇంకొకడికి శక్తి ఉంది. 1992 రచయితలు రెంటినీ ఒక్క మనిషిలో కలిపారు. రూపం మార్చగల శక్తి నటుడి చేతికి వచ్చాకే అది శాపమైంది.

కామిక్సే మూలమనే అభిమానులు బేసిల్ కార్లోనే అసలు క్లేఫేస్ అంటారు. ఎవరు ముందు వచ్చారన్న లెక్కలో వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఇప్పుడు సినిమాకు తీసుకున్నది మ్యాట్ హేగన్ పేరు, అదీ నటుడిగా. అంటే 1961 నాటి నిధుల వేటగాణ్ని పక్కనపెట్టి కార్టూన్ హేగన్‌ను ఎంచుకున్నారు. టీవీ చేసిన మార్పును సినిమా తీసుకోవడం ఇది మొదటిసారీ కాదు. 1997లో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ వేసిన మిస్టర్ ఫ్రీజ్‌కు కూడా ఆ కార్టూన్‌లోని భార్య కథనే వాడారు. సినిమా బాగా ఆడలేదు, అది వేరే సంగతి.

ఈ తరహా కథ అంటే విలన్‌ను మంచివాడిని చెయ్యడమే అన్న విమర్శ ఉంది. అదే సీరియల్ కొనసాగింపులో 1998లో వచ్చిన ఎపిసోడ్ చూస్తే ఆ మాట నిలబడదు. గతం గుర్తులేని యానీ అనే అమ్మాయితో బ్యాట్‌మన్ సహాయకుడు రాబిన్‌కు స్నేహం కుదురుతుంది. ఆ అమ్మాయి క్లేఫేస్ శరీరంలోంచి విడిపోయిన ముక్క. చివరికి ఆమెను క్లేఫేస్ తిరిగి తనలో కలిపేసుకుంటాడు. పోలీసులు అతని మీద నేరాలు చదువుతుంటే, హత్య కూడా రాసుకోమంటాడు రాబిన్. జాలి పడాల్సిన మనిషే క్షమించరాని పని చేశాడు. రచయితలు రెంటినీ దాచలేదు.

హారర్ దర్శకుడు మైక్ ఫ్లానగన్ 2021లోనే తనకు క్లేఫేస్ సినిమా చెయ్యాలనుందని, అది హారర్‌గా, విషాదంగా ఉండాలని బయటపెట్టాడు. అభిమానులు ఆ మాట వదల్లేదు. గన్, సఫ్రాన్ వచ్చాక కథ వాళ్లకు వినిపించాడు, స్క్రిప్టు రాశాడు. పూర్తయిన స్క్రిప్టు నచ్చితేనే సినిమా అన్నది గన్ పెట్టుకున్న నియమం. అలా జాబితాలో లేని క్లేఫేస్‌కు 2024 డిసెంబరులో పచ్చజెండా దొరికింది. దర్శకత్వం మాత్రం ‘స్పీక్ నో ఈవిల్’ తీసిన జేమ్స్ వాట్కిన్స్‌కు వెళ్లింది. బ్యాట్‌మన్‌ను తోసి ఈ సినిమాను ముందుకు తెచ్చారన్న ఆరోపణకు ఇందులోనే జవాబుంది. ముందు సిద్ధమైన స్క్రిప్టు ముందు సెట్స్ మీదకు వెళ్లింది.

ప్రకటన వచ్చిన నెల మాత్రం కలిసిరాలేదు. స్పైడర్‌మ్యాన్ విలన్ మీద సోనీ వారు తీసిన ‘క్రేవెన్ ది హంటర్’ విడుదలైందీ ఆ నెలలోనే. సుమారు 11 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చింది 6 కోట్ల పైచిలుకు. స్పైడర్‌మ్యాన్ లేకుండా అతని విలన్లతో సినిమాలు తీసే ప్రయత్నంలో 2018 నాటి ‘వెనమ్’ 85 కోట్ల డాలర్లు దాటింది గానీ ‘మోర్బియస్’ నవ్వులపాలైంది. ఆ నవ్వుల ప్రచారాన్ని ఆదరణ అనుకుని దాన్ని మళ్లీ వెయ్యి అమెరికన్ థియేటర్లలో వేస్తే రెండోసారీ జనం రాలేదు. హీరో లేని విలన్ సినిమా వద్దనేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం.

కానీ ఆ సినిమాల్లో లోపం హీరో లేకపోవడం అనుకోను. క్రేవెన్ చెడ్డవాళ్లను వేటాడే వీరుడయ్యాడు, మోర్బియస్ కృత్రిమ రక్తంతో సరిపెట్టుకోవాలని చూసే డాక్టరయ్యాడు. విలన్ల కోరలు పీకి హీరోలుగా నిలబెట్టారు. 2019 నాటి ‘జోకర్’లోనూ బ్యాట్‌మన్ లేడు, ఉన్నది పెద్దయ్యాక బ్యాట్‌మన్ కాబోయే చిన్నపిల్లవాడు బ్రూస్ వేన్. 7 కోట్ల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన ఆ సినిమా వంద కోట్లు దాటింది, వెనిస్‌లో జరిగే చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ గెలిచింది, వాకీన్ ఫీనిక్స్‌కు ఆస్కార్ తెచ్చింది.

అవతలి పక్షం దగ్గర నిజంగా బలమున్న ఉదాహరణ 2024 అక్టోబరులో వచ్చిన ‘జోకర్’ రెండో భాగం. అందులో జోకర్‌గా మారిన ఆర్థర్ తానసలు జోకర్‌నే కాదంటాడు. విలన్ కోసం వచ్చిన జనానికి కూలిపోయిన మనిషిని చూపిస్తే వాళ్లు ఒప్పుకోలేదు. అమెరికాలో ప్రేక్షకుల అభిప్రాయం తీసే సినిమాస్కోర్‌లో దానికి ‘డి’ గ్రేడు పడింది. క్లేఫేస్‌కూ ఆ ప్రమాదం ఉంది. అయితే హేగన్ విషయంలో కూలిపోవడమే రాక్షసుడు కావడం. మనిషిని చూపిస్తే విలన్ పోతాడన్న భయం ఇక్కడ తక్కువ.

ఖర్చు కూడా అదుపులోనే పెట్టుకున్నారు, సుమారు 4 కోట్ల డాలర్లని హాలీవుడ్ పత్రికలు రాశాయి. హేగన్ పాత్రకు పెద్ద స్టార్‌ను తీసుకోకుండా వేల్స్ నటుడు టామ్ రీస్ హ్యారీస్‌ను ఎంచుకోవడం మీదా సణుగుడు ఉంది. నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. బాగా తెలిసిన స్టార్ మొహమైతే, ఎంత కరిగినా లోపల ఉన్న స్టారే ప్రేక్షకుడికి కనబడతాడు.

మన దగ్గర అసలు టెన్షన్ సెన్సారుతో. ఇది శరీరం కరిగి రూపు మారే హారర్ అని గన్ మొదటినుంచీ చెబుతున్నాడు. 2025 జులైలో తెలుగు డబ్బింగ్‌తో కూడా విడుదలైన ‘సూపర్‌మ్యాన్’లో 33 సెకన్ల ముద్దు సన్నివేశాన్నే సెన్సారు బోర్డు కోయించింది. ముద్దు పోయినా ఆ కథ అర్థమైంది. హేగన్ శరీరం మారే దృశ్యాలు కోస్తే ఈ కథే అర్థం కాదు. ‘జోకర్’కు ఇచ్చినట్టు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చి, కోతలు లేకుండా వదిలెయ్యాలి. పద్దెనిమిదేళ్లు నిండని అభిమానులకు నిరాశే, అయినా ముక్కలు చేసి అందరికీ చూపించడం కంటే అదే నయం.