నువ్వుల వెర్రి తెగులు: పొట్లం విప్పే ముందు ఒక్కమాట

యాసంగి నువ్వులు పూతకొచ్చాయంటే జగిత్యాల చుట్టుపక్కల నుంచి మా ల్యాబ్‌కు సంచులు రావడం మొదలు. ఈసారి ముందుగా వచ్చింది కోరుట్ల వైపు అవ్వ ఒకామె. మొక్క తీసి బల్ల మీద పెట్టింది. పువ్వు ఉండాల్సిన చోట చిన్న చిన్న పచ్చటి ఆకుల గుత్తి, కొనంతా వెర్రితలలు. "మూడుసార్లు కొట్టిన సారూ, తగ్గుతలేదు" అంది. ఏం కొట్టావవ్వా అంటే స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొట్లం చూపించింది.

అపోహ: బాక్టీరియా తెగులే కదా, యాంటీబయాటిక్ కొడితే పోతుంది.

వాస్తవం: బాక్టీరియానే, కాదనను. దాని పేరు ఫైటోప్లాస్మా. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు చూసేదాకా ఇలాంటి తెగుళ్లను వైరస్ ఖాతాలో వేసేవారు. దీనికి కణకవచం లేదు. మొక్కలో ఆహారం మోసే నాళాల్లో దాక్కుంటుంది. పొట్లంలో 10 శాతం టెట్రాసైక్లిన్ ఉంటుంది, షాపులో చూపించి అమ్మేది దాన్నే. టెట్రాసైక్లిన్ ఫైటోప్లాస్మాను కొన్నాళ్లు అణుస్తుంది, చంపదు. ఆపితే మళ్లీ మొదలు. అసలు సంగతి, ఆకైపోయిన పువ్వు ఎన్ని పొట్లాలు కొట్టినా కాయ కాదు. ఈ తెగులును మోసేది దీపపు పురుగు. మీకు పూతలో కనబడింది కానీ అది రసం పీల్చి అంటించింది వారాల కిందటే. అందుకే ఖర్చు పెట్టేదేదో పైరు లేతగా ఉన్నప్పుడు ఆ పురుగు మీద పెట్టండి. వెర్రి మొక్క కనబడగానే పీకేయండి. అవ్వకు ఇదే చెప్తే "ముందే చెప్పేటోళ్లు లేకపాయె" అంది. నా దగ్గర జవాబు లేదు.

అపోహ: మైక్రోస్కోప్‌లో చూస్తే తేలిపోతుంది.

నువ్వులకే వచ్చే ఇంకో తెగులు, బాక్టీరియా ఆకుమచ్చకైతే కొంత నిజం. మచ్చ అంచు కోసి నీటిచుక్కలో పెడితే పాలపొగలా బాక్టీరియా బయటికొస్తుంది. ఆకుమచ్చ తెచ్చే రెండు బాక్టీరియాల్లో అది జాంతోమోనాసా, సూడోమోనాసా అన్నది ఆ తర్వాత ల్యాబ్‌లో తేలాలి. వెర్రి తెగులుకు ఈ చిట్కా పనిచేయదు, బాక్టీరియాను పెంచే మామూలు ల్యాబ్ ప్లేట్ల మీదా ఫైటోప్లాస్మా పెరగదు. ఆకు ఈనెల్లోంచి డీఎన్ఏ తీసి, అందులో దాని జాడ వెతికే పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. చదువుకునే రోజుల్లో వెర్రి మొక్క ఆకు ప్లేట్‌లో పెడితే పసుపు కాలనీలు వచ్చాయి, దొరికిందని ఎగిరాను. మంచి మొక్కకు ఎక్కిస్తే ఏమీ కాలేదు. ఆకు మీద ఊరికే బతికే బాక్టీరియా అది!

అపోహ: అన్నీ విత్తనంతోనే వస్తాయి. ఆకుమచ్చ బాక్టీరియాలు రెండూ వస్తాయి. వెర్రి తెగులుకు మాత్రం దారి పురుగే.

శాంపిల్ తెచ్చేవాళ్లు మొక్కను వేరుతో సహా పేపర్‌లో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో ఉడకబెట్టకండి. పక్క సాలులో మంచి మొక్క కూడా ఒకటి తెండి, పోల్చి చూడటానికి.