ఇండోర్ డోమ్ కెమెరా కొనేముందు: అపోహలు - వాస్తవాలు (డీవీఆర్, కోయాక్స్ వైరు సిస్టం వాళ్లకు)

హన్మకొండ, వరంగల్, కాజీపేట, ఇటు నర్సంపేట పరకాల దాక షాపులకు ఇండ్లకు కెమెరాలు బిగించుడే నా పని. గీ పోస్టు డీవీఆర్ (కెమెరాల బొమ్మ రికార్డు చేసే డబ్బా) పెట్టి కోయాక్స్ వైరు (కేబుల్ టీవీ వైరు లెక్క ఉండే గుండ్రటి వైరు) మీద నడిపించే సిస్టం గురించే, నెట్‌వర్క్ వైరు మీద నడిచే ఐపీ కెమెరాల లెక్క వేరు, దాన్ని దీంట్ల కలపొద్దు. ఫోన్ చేసినోళ్లు అందరు ముందుగాల అడిగేది ఒక్కటే, "అన్నా, ఎన్ని మెగాపిక్సెల్‌ది తీస్కోవాలె?" అని. నేను ఉల్టా అడుగుత, నీకు ఎవరి మొహం కావాలె, ఆ మనిషి కెమెరాకు ఎన్ని అడుగుల దూరంల నిలబడ్తడు? ఆ ముచ్చట తేలితే ఏ డోమ్ (స్లాబ్‌కు బిగించే గుండ్రటి కెమెరా) కొనాలె అనేది సగం తేలినట్టే.

అపోహ: 5 మెగాపిక్సెల్ డోమ్ పెడ్తే షాపుల ఏ మూల ఉన్నోడైనా క్లియర్‌గ గుర్తుపట్టచ్చు

జర లెక్క చేద్దాం, ఓపికతోని చదువుండ్రి, ఎందుకంటె పైసలు ఎక్కువ పోయేది ఇక్కడ్నే. ఐఈసీ 62676-4 అని సెక్యూరిటీ కెమెరాల స్టాండర్డ్ ఒకటి 2014ల వచ్చింది. తెల్వని మనిషిని కూడ మొహం చూసి ఫలానోడు అని చెప్పాలంటే ఒక మీటరు వెడల్పుకు 250 పిక్సెల్స్ ఉండాలె, మనకు ముందే తెలిసినోడైతె 125 చాలు, ఎవడో ఒక మనిషి తిరుగుతుండు అని తెలిస్తె సరిపోతదంటే 25 అని దాంట్ల ఉంది. 2 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 1920 పిక్సెల్స్, దాన్ని 250 తోని భాగిస్తె 7.68. అంటే కెమెరాకు కనవడే జాగ 7.68 మీటర్ల కంటె వెడల్పు అయ్యిందంటే ఇగ కొత్త మొహం గుర్తుపట్టుడు కష్టం. డోమ్‌లల్ల మామూలుగ వచ్చే 2.8 ఎంఎం లెన్సు దాదాపు 100 డిగ్రీలు చూస్తది, ఆ వెడల్పు దానికి 3.2 మీటర్లకే వచ్చేస్తది. అంటే పదిన్నర అడుగులు, గంతే.

ఇప్పుడు అదే లెన్సుకు 5 మెగాపిక్సెల్ పెట్టుండ్రి. బొమ్మ వెడల్పు 2560 అనుకుంటె గా దూరం 4.3 మీటర్లు అయితది, 14 అడుగులు. పైసలు పెంచితె దొరికింది మూడున్నర అడుగులు. అదే 2 మెగాపిక్సెల్‌ల 6 ఎంఎం లెన్సు తీస్కుంటె, అది చూసేది సుమారు 50 డిగ్రీలే కాబట్టి, మొహం 8 మీటర్ల దాక దొరుకుతది, అంటే 27 అడుగుల లోపట. కాకపోతె పక్కలు కనవడయి. బట్టలబజార్ దిక్కు షాపులు చూసిన్రు కద, సన్నగ ఉండి లోపలికి పొడుగ్గ పోతయి, అట్లాంటి దాంట్ల అందరు 2.8 పెట్టిస్తరు, రెండు దిక్కుల గోడలు మస్తు క్లియర్‌గ కనవడ్తయి, చివరకు నిలబడ్డ మనిషి మాత్రం ఇంత చుక్క. అక్కడ 6 ఎంఎం పెట్టుండ్రి. కౌంటర్ మీద, పైసలు లెక్కవెట్టే కాడ, బిల్లింగ్ మిషిన్ మీద 2.8 మంచిది. 3.6 ఎంఎం ఈ రెండిటి నడుమది, చిన్న రూములకు నాకు అదే నచ్చుతది.

ఇంకొకటి, డోమ్ అంటె నట్ట నడుమ స్లాబ్‌కే కొట్టాలె అనుకుంటరు. పదకొండు అడుగుల ఎత్తుల నడుమ కొడ్తె వచ్చేది నెత్తులు, టోపీలు. మొహం కావాలంటె తలుపు ఎదురంగ ఏడు, ఎనిమిది అడుగుల ఎత్తుల రావాలె, లోపల మొత్తం చూసే డోమ్ వేరే పెట్టుకోండ్రి. ఫాల్స్ సీలింగ్ అయితె జిప్సం షీటుకు డైరెక్టుగ స్క్రూ కొట్టనియ్యకుండ్రి, వెనుక ప్లైవుడ్ ముక్క పెట్టమనుండ్రి, లేకపోతె కొన్నాళ్లకు డోమ్ కిందికి వంగి నేలను చూసుకుంట ఉంటది.

అపోహ: కెమెరా మంచిదైతె చాలు, డీవీఆర్ ఏదైనా నడుస్తది

నడుస్తది, కాని ఎట్ల నడుస్తది అనేది ముచ్చట. తక్కువ రేటు డీవీఆర్‌లల్ల సెట్టింగ్స్ ఓపెన్ చేసి రికార్డింగ్ రెజల్యూషన్ చూడుండ్రి, 1080పీ లైట్ అనో 1080ఎన్ అనో ఉంటది. అంటే ఎత్తు 1080 ఉంటది కాని వెడల్పు 960 దగ్గర్నే, సగం. పైన లెక్కల 3.2 మీటర్లు అన్నం కద, అది ఇప్పుడు 1.6 మీటర్లు. టీవీల లైవ్ చూసేటప్పుడు మంచిగనే కనవడ్తది, రికార్డింగ్ తీసి జూమ్ చేసిననాడు తెలుస్తది. 5 మెగాపిక్సెల్‌కు కూడ ఇట్లనే 5ఎంపీ లైట్ అని పెడ్తరు, ఇంకా కొన్నిట్ల 5 మెగాపిక్సెల్ మోడ్‌ల సెకనుకు 12 ఫ్రేములే వస్తయి. అందుకే కొనే ముందు డబ్బా మీద రాసింది చదివి ఆగకుండ, "ఏ రెజల్యూషన్‌ల ఎన్ని ఫ్రేములు రికార్డు చేస్తది, అన్ని ఛానళ్లకు ఒక్కసారే చేస్తదా" అని అడగుండ్రి. దుకాణపాయన తడబడితె స్పెసిఫికేషన్ షీటు అడగండ్రి.

దీనికి తోక లెక్క ఇంకో అపోహ ఉంది, బీఎన్‌సీ పిన్ను (కోయాక్స్ వైరు చివరకు ఉండే గుండ్రటి పిన్ను) సరిపోతె సిగ్నల్ కూడ సరిపోతదని. కోయాక్స్ మీద హెచ్‌డీ పంపే పద్ధతులు మూడు: టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ. హిక్‌విజన్ వాళ్లు ఎక్కువ వాడేది టీవీఐ, దహువా వాళ్లు తెచ్చింది సీవీఐ, ఏహెచ్‌డీ కొరియా కంపెనీ నెక్స్ట్‌చిప్‌ది. పిన్ను అన్నిటికి ఒక్కటే, లోపలి భాష వేరు. ఇప్పుడొచ్చే డోమ్‌లు చాల వరకు ఈ మూడు, పాత అనలాగ్ కలిపి నాలుగు సిగ్నళ్లు ఇస్తయి, వైరు తోకకు ఉండే చిన్న జాయ్‌స్టిక్ గాని బటన్ గాని ఒక దిక్కు కొన్ని సెకన్లు ఒత్తి పట్టుకుంటె మారుతది. బొమ్మ నల్లగ వస్తె, తెలుపు నలుపుల వస్తె, కెమెరా చెడిపోయిందని వాపస్ తెచ్చేముందు ఇది ఒకసారి ఒత్తి చూడుండ్రి.

అపోహ: రాత్రి బొమ్మ పోతుంది కాబట్టి కెమెరా డిఫెక్ట్

పగలు సక్కగ ఉండి, చీకటి పడంగనే బొమ్మల గీతలు వచ్చి, లేకపోతె కెమెరా టక్కున ఆగి మళ్ల ఆన్ అయితుందంటే నూటికి తొంభై పాళ్లు అది కరెంటు సమస్య. చీకటైతె కెమెరాకు ఉండే ఐఆర్ లైట్లు (రాత్రి చూసేటందుకు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇచ్చేటియి) వెలుగుతయి, అప్పుడు కెమెరా ఎక్కువ కరెంటు గుంజుతది. మన దగ్గర వాడేది త్రీ ప్లస్ వన్ వైరు (వీడియోకు ఒక కోయాక్స్, దాని పక్కన మూడు సన్న పోగులు), దాంట్ల కరెంటుకు ఉండే పోగులు సన్నయి, రేటు తక్కువ వైరైతె రాగి కూడ కాదు, అల్యూమినియం మీద రాగి పూత. ఎస్ఎంపీఎస్ (కెమెరాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) దగ్గర 12 వోల్టులు ఉంటది, వైరు దాటి కెమెరా కాడికి వచ్చేసరికి తగ్గుతది. చేయాల్సింది ఏందంటె రాత్రి ఐఆర్ వెలిగినంక కెమెరా కాడ డీసీ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడాలె, కెమెరా పని చేసుకుంటనే ఉండాలె. పగలు, కెమెరా పీకేసి చూస్తె 12 చూపిస్తది, గా రీడింగ్‌కు విలువ లేదు. తక్కువ వస్తుంటె కెమెరా మార్చినా లాభం లేదు, ఆ కెమెరాకు దగ్గర్ల వేరే అడాప్టర్ పెట్టుండ్రి, లేకపోతె వైరు మంచిది వేసుకోండ్రి. నడుమల వైరు కోసి మెలేసి టేపు చుట్టిన జాయింట్లు ఉంటె ముందుగాల అవి తీసెయ్యుండ్రి. వీడియో పోయే వైరుకు మెలేసిన జాయింటు పెద్ద శత్రువు.

అపోహ: పైన గ్లాసు బుడగ ఉన్నదే అసలు డోమ్, అదే మంచిది

బుడగ డోమ్‌కు ఒక లాభం ఉంది, కెమెరా ఎటు చూస్తుందో కింద ఉన్నోనికి అంత తొందరగ అర్థం కాదు. కాని రాత్రి ఐఆర్ వెలుగు ఆ బుడగ లోపల కొట్టుకొని లెన్సు మీద పడ్తె బొమ్మ మొత్తం తెల్లగ మంచు పట్టినట్టు అయితది. అట్ల కావొద్దనే లెన్సు చుట్టు నల్ల రబ్బరో స్పాంజో రింగు ఉంటది, అది బుడగకు ఆనుకొని ఉండాలె, ఫిట్టింగ్ చేసేటప్పుడు పోరగాళ్లు అది జరిపి మళ్ల సరిగ పెట్టరు. ఎనుమాముల యార్డు దిక్కు షాపులల్ల ఇది ఇంకా ఎక్కువ కనవడ్తది, పత్తి మిర్చి సీజన్‌ల దుమ్ము బుడగ మీద పేరుకుంటది, పగలు బొమ్మల తెల్వది, ఐఆర్ వెలగంగనే గా దుమ్మే మెరుస్తది. పొడి బట్టతోని గట్టిగ రుద్దితె గీతలు పడి ఇంకింత ఖరాబైతది, తడి మెత్తబట్టతోని మెల్లగ తుడవాలె. కొత్త డోమ్ మీది ప్లాస్టిక్ కవర్ తియ్యకుండనే వాడుకునే ఇండ్లు కూడ ఉన్నయి, నవ్వకుండ్రి, మీ ఇంట్ల కూడ ఒకసారి చూసుకోండ్రి.

నన్ను అడిగితె ఇంట్లకు, చిన్న షాపుకు ఐబాల్ రకం మంచిది. మన మార్కెట్ల దాన్ని కూడ డోమ్ అనే అమ్ముతరు, లెన్సు మీద బుడగ ఉండది, రాత్రి ఈ మెరుపు బాధ తక్కువ. చెయ్యి అందే ఎత్తుల, పోరలు తిరిగే హాస్టల్ వరండాల అయితె మాత్రం గట్టి బుడగ డోమే, ఐకే10 (దెబ్బలకు ఆగే రేటింగ్) అని రాసి ఉన్నది చూసి తీస్కోండ్రి. కెమెరాను గోడకు మరీ దగ్గర కొట్టొద్దు, ఆ గోడ మీద పడ్డ ఐఆర్‌కు గోడొక్కటే వెలిగి మిగతాదంత చీకటి అయితది.

ఇంకా, డోమ్ అంటె ఇండోర్, బుల్లెట్ (పొడుగు గొట్టం లెక్క ఉండే కెమెరా) అంటె అవుట్‌డోర్ అనుడు కూడ తప్పే. ఆకారం చూడొద్దు, ఐపీ66, ఐపీ67 అని నీళ్లు, దుమ్ము ఆపే రేటింగ్ ఉందా చూడాలె (గీ ఐపీకి ఐపీ కెమెరాకు సంబంధం లేదు). ప్లాస్టిక్ ఇండోర్ డోమ్ తెచ్చి వాన జల్లు కొట్టే వరండాల పెడ్తె రెండో వానాకాలం చూడది.

అపోహ: డబ్ల్యూడీఆర్ అని రాసి ఉంది కద, షట్టర్ ఎదురంగ పెట్టినా పరవాలేదు

డబ్ల్యూడీఆర్ అంటె ఎక్కువ వెలుగున్న జాగ, చీకటున్న జాగ రెండు ఒక్క బొమ్మల కనవడేటట్టు చేసేది. డీడబ్ల్యూడీఆర్ అని ముందు డీ ఉంటె అది సాఫ్ట్‌వేర్‌తోని చేసే సర్దుబాటు, రోడ్డు మీది ఎండ వెనుక ఉంటె లోపలికి వచ్చెటోని మొహం నల్లగనే వస్తది. ట్రూ డబ్ల్యూడీఆర్, 120 డీబీ అని రాసినది వేరే, రేటు కూడ వేరే. అంత పెట్టలేకపోతె వెలుగు పక్కనుంచి వచ్చేటట్టు కెమెరాను మూలకు జరపండ్రి, పైస ఖర్చు లేదు.

అపోహ: 1 టీబీ హార్డ్ డిస్క్ వేస్తె నెల రోజులు వస్తది

ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, దీన్నే బిట్‌రేట్ అంటరు) తోని రాస్తుంటె రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ. 1 టీబీల పదకొండు రోజులు, అంతే. బిట్‌రేట్ సగం చేస్తె ఇరవైమూడు రోజులు, కాని బొమ్మ పల్చవడ్తది. ఇది ఎందుకు చెప్తున్ననంటె 2013ల వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం మన తెలంగాణల కూడ అమలుల ఉంది, ఒక్కసారే వంద మంది, లేకపోతె రోజుకు ఐదు వందల మంది వచ్చే జాగ అయితె కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలె. ఫంక్షన్ హాలు, దవాఖాన, కాలేజీ, పెద్ద షోరూం వాళ్లు ఎనిమిది కెమెరాలు పెట్టి 1 టీబీ వేసుకుంటె ఐదారు రోజులకే పాతది చెరిగిపోతది. పైన చెప్పిన 2 ఎంబీపీఎస్ లెక్కల ఎనిమిది కెమెరాలకు నెలకు 5.2 టీబీ పడ్తది, 6 టీబీది వేయాల్సిందే. డిస్క్ కూడ సర్వెలెన్స్ రకం అడగండ్రి, పాత కంప్యూటర్‌ల పీకింది ఇరవైనాలుగు గంటల రాతకు ఆగది.

డోమ్ చిన్నగ ఉంటది, ఎవరికి కనవడది అని ట్రయల్ రూం వైపు పెట్టమని అడిగెటోళ్లు కూడ ఉన్నరు. పెట్టను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద అది నేరం, దొంగతనం సాకు చెల్లది.

చివరి ముచ్చట, డీవీఆర్ టైం. బోర్డు మీద చిన్న గుండ్రటి బ్యాటరీ ఉంటది, అది అయిపోయిందంటె కరెంటు పోయి వచ్చినప్పుడల్ల తారీఖు వెనక్కి పోతది. రికార్డింగ్ ఉంటది కాని తప్పు తారీఖు మీద ఉంటది, పోలీసోళ్లు ఫలానా రోజు ఫలానా టైం అని అడిగితె దొరకది. ఫుటేజీ కోర్టుకు పోయేది ఉంటె భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడ ఇయ్యాలె, తారీఖు తప్పున్న రికార్డింగ్‌కు అప్పుడు మీరే జవాబు చెప్పుకోవాలె. నెలకొకసారి ఫోన్ టైంతోని డీవీఆర్ టైం కలిపి చూస్కోండ్రి, తేడా వస్తుంటె గా బ్యాటరీ మార్పించుండ్రి.