బార్లీ చేలో కనిపించిన సైనికులు

పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుందని బడిలో వల్లెవేసిన వాళ్లందరికీ రాబర్ట్ బాయిల్ పేరు గుర్తుంటుంది. ఆయన 1678 అక్టోబరు 3న లండన్‌లో టార్బట్ అనే స్కాట్లాండ్ ప్రభువును అడిగి తెలుసుకున్నది మాత్రం గాలి సంగతి కాదు. జరగబోయేదాన్ని ముందే కళ్లారా చూస్తారని పేరున్న మనుషుల సంగతి.

స్కాట్లాండ్ కొండసీమల్లో, పడమటి దీవుల్లో గేలిక్ మాట్లాడే జనం దీన్ని 'రెండు చూపులు' అనేవారు. మామూలు చూపు ఒకటి, పిలవకుండా వచ్చిపడేది మరొకటి. దీన్ని వరమనుకుని మురిసిపోయినవాళ్లు తక్కువే, ఎందుకంటే కనిపించేవి చాలావరకు చావులు. స్కై దీవికి చెందిన మార్టిన్ మార్టిన్ 1703లో అచ్చువేసిన పుస్తకంలో దీని లెక్క కూడా ఉంది. బతికున్న మనిషి ఒంటికి శవవస్త్రం చుట్టినట్టు కనిపిస్తే, అది నడుము దాటకపోతే ఇంకా ఏడాదికి పైగా గడువున్నట్టు. తల దాకా పాకితే రోజులో, గంటలో మిగిలినట్టు.

బాయిల్‌కు ఇదంతా ఎందుకు? ఆయన గాఢమైన దైవభక్తుడు. కంటికి కనిపించని శక్తులున్నాయని నమ్మదగిన సాక్షులు చెబితే నాస్తికుల నోరు మూయించవచ్చని ఆయన ఆశ. ఆశ సంగతి ఎలా ఉన్నా, సాక్షిని నేరుగా విచారించడం మంచి పద్ధతే.

టార్బట్ తర్వాత బాయిల్‌కు ఉత్తరం కూడా రాశాడు. అందులో తన అనుభవంగా చెప్పిన కథ ఇది. 1650లలో స్కాట్లాండ్‌లో రాజు పక్షం వాళ్లకు ఇంగ్లండ్ సేనలతో యుద్ధం నడుస్తోంది. బార్లీ కోసం నేల తవ్వుతున్న ఒకడు పార జారవిడిచి కొండవైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంగ్లీషు సైనికులు గుర్రాలను నడిపించుకుంటూ కొండ దిగుతున్నారని, కొందరు అప్పుడే చేలో బార్లీ తింటున్నారని చెప్పాడు. ఇంగ్లీషువాళ్లని ఎలా తెలిసిందని అడిగితే, వాళ్ల టోపీలు, బూట్లు, గుర్రాలను బట్టి అన్నాడు. అది మే 4. ఆ చేలో ఇంకా విత్తనమే పడలేదు. టార్బట్ తేదీని గుర్తు పెట్టుకోవడం మెచ్చుకోదగ్గ విషయం.

ఆగస్టులో నిజంగానే ఒక దండు ఆ కొండ దిగి బార్లీ తినసాగింది. ఆ రోజు పక్కనే ఉన్న మిత్రుడికి మే నెల మాట గుర్తొచ్చి, టార్బట్‌కు మనిషి చేత కబురు పంపాడు. అయితే వచ్చింది ఇంగ్లీషువాళ్లు కాదు. రాజు పక్షాన పోరాడుతున్న మిడిల్టన్ మనుషులు, అంటే టార్బట్ సొంత పక్షం! పైగా అది కాలిబంటుల దండు.

టార్బట్ ఇదేదీ దాచలేదు, ఉన్నదున్నట్టే రాశాడు. కానీ కొండా, బార్లీ కుదిరాయి కాబట్టి జోస్యం ఫలించినట్టే ఆయన లెక్క. ఆ ఉత్తరాన్ని రాబర్ట్ కర్క్ అనే మతగురువు 1691 నాటి తన రచనలో చేర్చుకున్నాడు. ఒక నకలు డైరీ రచనకు పేరుపొందిన శామ్యూల్ పెపిస్ చేతికీ వెళ్లింది. ఆ కాలపు ఇంగ్లీషు రచయిత జాన్ ఆబ్రే అయితే ఏకంగా ప్రశ్నావళి తయారుచేసి స్కాట్లాండ్‌కు పంపాడు. ఈ చూపు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందా? చెడు మాత్రమే కనిపిస్తుందా, మంచి కూడానా? దీన్ని వదిలించుకోవాలని వాళ్లు కోరుకుంటారా? అన్నీ నేటి పరిశోధకుడు అడగదగ్గ ప్రశ్నలే. చూసింది జరగకుండా పోయిన సందర్భాలెన్ని అన్న ప్రశ్న మాత్రం ఆ జాబితాలో లేదు.