సాక్ కౌంటీ: నేల కింది గొట్టాలు, 1904 నాటి చట్టం

2025 జూన్‌లో అమెరికాలోని అయొవా రాష్ట్ర రాజధాని డెమోయిన్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో పచ్చికకు నీళ్లు పెట్టడం నిషేధించారు. కరువు వచ్చి కాదు, నదుల్లో నీళ్లున్నాయి. వాటిలో నైట్రేటు మితిమీరింది. దాన్ని తీసే యంత్రాలు అందరి వాడకానికీ సరిపడా నీటిని శుద్ధి చేయలేకపోయాయి. దాంతో ఈ నైట్రేటుపై నగర నీటి సంస్థ వేయగా 2017లో కోర్టు కొట్టేసిన దావా మళ్లీ చర్చకొచ్చింది. అందులో మొదటి ప్రతివాది ఎగువనున్న సాక్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది).

మొక్కజొన్న, సోయా, పందుల పెంపకంతో బతికే ఈ కౌంటీ జనాభా 2020లో 9,814. 1900లో 17,600 పైచిలుకు. ఈ గొడవకు మూలం దాని తూర్పు భాగపు నేల. మంచుయుగం చివర్లో హిమానీనదం చదును చేసి వదిలిన ఆ నేలలో వాననీటికి వాగుదారి లేదు, గుంటల్లోనే నిలిచేది.

రైతులు అడుగు పొడవున్న మట్టి గొట్టాలను (అక్కడి మాటలో ‘టైల్’) మూడు నాలుగడుగుల లోతున, సిమెంటు పెట్టకుండా, ఒకదాని మూతికి ఒకటి ఆనించి పరిచారు. నీరు ఆ సందుల్లోంచి దిగి పారుతుంది. వందడుగులకు అంగుళంపైన వాటం ఉంటే చాలు. వాటం ఎక్కడైనా తిరగబడితే బురద పేరుకుంటుంది. గొట్టం పగిలినా, చెట్టు వేళ్లు దూరినా ఎగువ పొలాల్లో నీరు నిలుస్తుంది. ఇప్పుడు వేసేవి చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలు.

చిక్కేమిటంటే, ఒకరి గొట్టం పక్కవారి పొలం దాటందే వాగు చేరదు. 1904 నాటి చట్టం, దానికి రాజ్యాంగ బలమిచ్చిన 1908 సవరణ ఆ చిక్కు విప్పాయి. రైతులు అర్జీ పెడతారు, ఇంజనీరు సర్వే చేస్తాడు, విచారణ జరుగుతుంది, ఏ పొలానికి ఎంత మేలో లెక్కగట్టి పన్ను వేస్తారు. వద్దన్నవాడూ కట్టాలి. మన డెల్టా డ్రైనేజీ సెస్సుకు దూరపు బంధువన్నమాట. అలా ఏర్పడిన డ్రైనేజీ డిస్ట్రిక్టులను కౌంటీని పాలించే సూపర్‌వైజర్లే నడుపుతారు. వాటికి చట్టం అప్పగించిన పని ఒక్కటే: నీరు బయటికి పంపడం. ఆ నీరు ఎలా ఉందన్నది వాటి పనిలో లేదు. ఇవాళ్టి తగాదా అంతా ఇక్కడే మొదలైంది.

నైట్రేటు మట్టిని అంటిపెట్టుకోదు, నీటితో జారిపోతుంది. వసంతకాలపు వానలప్పటికి మొక్కజొన్న వేళ్లు ఇంకా లోతుకు దిగవు. ఎరువుల నైట్రేటూ, నల్లమట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లి పుట్టిన నైట్రేటూ గొట్టాల్లోకి చేరి, అక్కణ్నుంచి డెమోయిన్ వైపు పారే ఉత్తర ర్యాకూన్ నదిలో పడతాయి. చిత్తడి నేలలున్న రోజుల్లో సూక్ష్మజీవులు అందులో చాలాభాగాన్ని నత్రజనిగా మార్చి గాలిలో కలిపేసేవి.

తాగునీటిలో పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాములు. అది దాటితే పసిబిడ్డల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. సాక్ కౌంటీ గొట్టాల నీటిలో 39 దాకా చూశామంది నగర నీటి సంస్థ డెమోయిన్ వాటర్ వర్క్స్. 2015 మార్చిలో సాక్, బ్యూనావిస్టా, కాల్హూన్ కౌంటీల సూపర్‌వైజర్లు నడిపే 13 డిస్ట్రిక్టులపై దావా వేసింది. దాని వాదన సూటిగా ఉంది. పొలం మీద పారే వాననీటికి అమెరికా స్వచ్ఛజల చట్టం మినహాయింపు ఇచ్చింది నిజమే, కానీ గొట్టంలోంచి వచ్చేది నేలలోకి ఇంకిన భూగర్భజలం, కాబట్టి ఫ్యాక్టరీ గొట్టానికిలాగే దీనికీ అనుమతి కావాలి. నేల స్వభావమే అంత, స్వచ్ఛంద చర్యలు చాలునన్నాయి కౌంటీలు. వాటి లాయర్ల ఖర్చు వెనకున్న వ్యవసాయ సంస్థల డబ్బు గుట్టు బయటపెట్టాలని పట్టుబట్టిన స్థానిక పత్రిక స్టార్మ్ లేక్ టైమ్స్‌కు 2017లో సంపాదకీయాలకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

అదే ఏడాది జనవరిలో అయొవా సుప్రీంకోర్టు, ఈ డిస్ట్రిక్టుల నుంచి నష్టపరిహారం రాబట్టడం కుదరదని చెప్పింది. మార్చిలో ఫెడరల్ జడ్జి దావా కొట్టేశారు: నష్టం నిజమే అయినా సరిదిద్దే అధికారం డిస్ట్రిక్టులకు లేదు కదా అని. గొట్టపు నీరు వాననీరా, భూగర్భజలమా అన్నది తేలకుండానే ఉండిపోయింది.

దారులు లేకపోలేదు. కోత తర్వాత నైట్రేటును పీల్చుకునేలా రై అనే ధాన్యపు పైరు వేయొచ్చు. గొట్టం చివర కందకం తవ్వి చెక్కపేళ్లు నింపితే అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటును తింటాయి. ఆ పేళ్లు కుళ్లి తగ్గుతుంటాయి, కొన్నేళ్లకు మళ్లీ నింపాలి. వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు, అంటే నైట్రేటు ఎక్కువగా పారే రోజుల్లోనే, కందకం పట్టనంత నీరు వచ్చి కొంత పక్కనుంచి నేరుగా వాగులోకి పోతుంది. ఇంతాచేసి దాని వల్ల రైతుకు దిగుబడి ఒక్క బుషెల్ (అక్కడి ధాన్యపు కొలత) కూడా పెరగదు.