లూసియానా ఓటు తగాదా: మొదలు కోల్‌ఫాక్స్‌లో ఉంది

లూసియానా జనాభాలో దాదాపు మూడో వంతు నల్లజాతీయులు. అమెరికా ప్రతినిధుల సభకు ఆ రాష్ట్రం పంపేది ఆరుగురిని. 2022లో గీసిన పటంలో నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న నియోజకవర్గం ఒక్కటే. కోర్టుల్లో కొట్లాడాక 2024లో రెండోది వచ్చింది. అది తమకు అన్యాయమంటూ నల్లజాతీయులు కాని కొందరు ఓటర్లు కేసు వేశారు. అందుకు వాళ్లు పట్టుకున్న ఆధారాల్లో ముఖ్యమైనది, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఉండాలనే రాజ్యాంగ 14వ సవరణ. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం 1868లో తెచ్చిన సవరణ అది. అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వం గొడవ 2025 జనవరిలో మొదలైనప్పుడు హెచ్-1బీ మీద ఉన్న మన తెలుగు కుటుంబాలు టెన్షన్‌తో విన్నదీ ఆ సవరణ పేరే. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు లూసియానా కేసులో రెండోసారి వాదనలు వినడంతో పాత చరిత్ర మళ్లీ చర్చకొచ్చింది.

అంతర్యుద్ధం, లింకన్, బానిసత్వ రద్దు అందరికీ తెలిసినవే. ఆ తర్వాత దక్షిణాదిని మళ్లీ దేశంలో కలుపుకుని, నల్లజాతీయులకు హక్కులిచ్చిన పునర్నిర్మాణ కాలం 1877లో ముగిసిందని చదువుకున్నాం. ఒక్క ఎలక్టోరల్ ఓటు తేడాతో హేస్ అధ్యక్షుడయ్యాడు, దక్షిణాది రాష్ట్రాల్లో ప్రభుత్వాలకు కాపలాగా ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలిచాడు, కథ అయిపోయింది అంటారు. కానీ అసలు దెబ్బ అంతకుముందే తగిలింది. తగిలింది కూడా లూసియానాలోనే.

1872 ఎన్నికల్లో గవర్నర్ పదవి మాదంటే మాదని రెండు పక్షాలూ పట్టుబట్టాయి. ఆ గొడవ జిల్లాలకూ పాకింది. కోల్‌ఫాక్స్ అనే చిన్న ఊళ్లో, లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ అధికారుల తరఫున నల్లజాతీయులు కోర్టు భవనానికి కాపలా కాశారు. అంతకుముందు అది ఒక తోట యజమాని గుర్రపుశాల. చుట్టూ కందకం తవ్వుకుని కూర్చున్నారు. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం నాడు తెల్లవాళ్ల దండు తుపాకులతో, ఒక చిన్న ఫిరంగితో వచ్చి పడింది. భవనం కప్పుకు నిప్పంటించారు. మంటలకు తాళలేక బయటికొచ్చినవాళ్లను కాల్చారు. లొంగిపోయినవాళ్లను బందీలుగా ఉంచి, చీకటి పడ్డాక కాల్చి చంపారు. చనిపోయిన నల్లజాతీయులు 60 మందికి పైనేనని కొందరు, 150 దాకా ఉంటారని మరికొందరు లెక్క కట్టారు. తెల్లవాళ్లు ముగ్గురు పోయారు. లోపలివాళ్లు తెల్లజెండా చూపించి మోసంతో కాల్చారని దాడి చేసినవాళ్లు చెప్పుకున్నారు. అదే నిజమనుకున్నా, గంటల తర్వాత చేతికి చిక్కిన బందీలను చంపడానికి అది సంజాయిషీ కాదు.

దాదాపు వంద మందిపై కేంద్ర ప్రభుత్వం కేసు పెట్టింది. చివరికి శిక్ష పడే దాకా వచ్చింది ముగ్గురికే. 1876 మార్చిలో సుప్రీంకోర్టు వాళ్లనూ వదిలేసింది. ఆ ముగ్గురిలో ఒకడి పేరుతో పిలిచే క్రుయిక్‌షాంక్ కేసు ఇదే. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుంది గానీ మనుషుల గుంపును కాదని, రక్షణ కావాలంటే రాష్ట్రాన్నే అడగాలని తీర్పు చెప్పింది. అడగాల్సిన ఆ రాష్ట్రంలో హత్య కేసు నడిపే నాథుడే లేడు. తీర్పులో ఇంకో మాట ఉంది, నా దృష్టిలో అన్నిటికీ మూలం అదే. బాధితుల జాతి, రంగు కారణంగానే వాళ్ల ఓటు హక్కును అడ్డుకున్నారని అభియోగపత్రంలో ఎక్కడ రాశారని కోర్టు అడిగింది. కాగితం మీద జాతి మాట కనబడకపోతే నేరమే లేనట్టు.

ఈ కిటుకు దక్షిణాది పాలకులకు బాగా అర్థమైంది. 1898లో లూసియానా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటు కావాలంటే చదువో ఆస్తో చూపించాలంది. తండ్రి గానీ తాత గానీ 1867 జనవరి 1 నాటికి ఓటరై ఉంటే అదీ అక్కర్లేదంది. ఆ తేదీకి అక్కడ నల్లవాళ్లకు ఓటే లేదు. ఇక జాతి పేరు రాయాల్సిన పనేముంది? 1896లో ఆ రాష్ట్రంలో 1,30,334 మంది నల్లజాతీయులు ఓటర్ల జాబితాలో ఉండగా, 1904 నాటికి 1,342 మంది మిగిలారు. 1872 డిసెంబర్‌లో పించ్‌బ్యాక్ అనే నల్లజాతీయుడు తాత్కాలిక గవర్నర్‌గా కూర్చున్న రాష్ట్రం అది. నల్లజాతీయులు రైల్లో వేరే పెట్టెలో కూర్చోవాలన్న చట్టం, దాన్ని సమర్థించిన 1896 నాటి సుప్రీంకోర్టు ప్లెస్సీ తీర్పుకు మూలమైన కేసు కూడా అక్కడివే. ఓటు చేజారుతున్నవాళ్లకు రైలు పెట్టె గురించి ఎమ్మెల్యేను అడిగే దారి కూడా ఎక్కడుంటుంది?

1965లో ఓటు హక్కు చట్టం వచ్చాకా ఆ పాత ప్రశ్న వదల్లేదు. అలబామాలోని మొబైల్ నగరం కేసులో 1980లో సుప్రీంకోర్టు, వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉందని నిరూపించాలంది. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) 1982లో చట్టాన్ని సవరించి, ఉద్దేశంతో పనిలేదు, ఫలితం చూస్తే చాలంది. లూసియానాకు రెండో నియోజకవర్గం వచ్చింది ఆ సవరణ బలంతోనే. 2025లో రెండోసారి విన్న ఆ కేసులో రాష్ట్ర ప్రభుత్వం మొదట ఆ పటాన్ని సమర్థించి, తర్వాత ఎదురు తిరిగింది. జాతిని లెక్కలోకి తీసుకోవడమే తప్పని దాని వాదన. ఆ వాదన నెగ్గడమంటే ఉద్దేశం ఎక్కడ రాసి ఉందో చూపించమనే 1876 నాటి ప్రశ్న మళ్లీ ఓటరు ముందుకు రావడమే.

కోల్‌ఫాక్స్‌లో 1921లో ఒక స్తంభం నిలబెట్టారు. తెల్లజాతి ఆధిపత్యం కోసం పోరాడి చనిపోయిన వీరులని దాని మీద ఆ ముగ్గురి పేర్లూ చెక్కారు. 1950ల మొదట్లో రాష్ట్రం పెట్టిన బోర్డు, ఆ ఘటనతో దక్షిణాదిలో దుష్పరిపాలన అంతమైందని రాసుకుంది. ఆ బోర్డు 2021 మే దాకా అక్కడే ఉంది. చనిపోయిన నల్లజాతీయుల్లో 57 మంది పేర్లతో రాయి నిలబెట్టింది 2023 ఏప్రిల్‌లో, 150 ఏళ్లకు.