పూస నిజం బెజ్జంలో ఉంటుంది: ముత్యాలు, రాళ్ళ పూసల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక అక్క రెండు వరసల ముత్యాల దండ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొనేటప్పుడు కొట్లో అతను ముత్యానికి లైటర్ మంట చూపించి, "చూడండమ్మా, కాలలేదు, అసలు ముత్యం" అన్నాడట. ఇంటికెళ్ళాక అనుమానం తీరక, తనే మరో నాలుగు ముత్యాలకు మంట పెట్టి చూసింది. అవి నల్లబడి సన్నగా పగుళ్ళిచ్చాయి. "మోసపోయానా చెల్లీ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె మోసపోలేదు. అవి మంచి ముత్యాలే. వాటిని పాడుచేసింది ఆ పరీక్షే.

పూసలు గుచ్చడం నాకు పద్దెనిమిదేళ్ళుగా జీవనాధారం. పని నేర్పింది హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి దగ్గర ఒక ఉస్తాద్. కొత్త సరుకు ఏది వచ్చినా ఆయన మెరుపు చూసేవారు కాదు. పూసను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ముందు బెజ్జం చూసేవారు. పైభాగాన్ని ఎంతైనా ముస్తాబు చేయొచ్చు, బెజ్జం లోపల ముస్తాబు చేయడం కష్టం. రంగు వేశారా, పైన పూత ఉందా, లోపల ఏముంది, ఎన్నాళ్ళు మన్నుతుంది అన్నవి చాలావరకు అక్కడే తెలుస్తాయి. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంటే చాలు. మేం దాన్ని లూప్ అంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు తరచూ అడిగే సంగతులు ఆ బెజ్జం నుంచే మొదలుపెట్టి చెబుతాను.

అపోహ: మంటకు కాలకపోతే, బ్లేడుతో గీస్తే పొడి రాలితే అది అసలు ముత్యం.

ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, మధ్యమధ్య జిగురులాంటి సేంద్రియ పదార్థంతో అతుక్కుని ఉంటాయి. మంట తగిలితే ఆ జిగురు మాడుతుంది, పొరలు విడిపోతాయి. రెండు క్షణాల మంటను గాజు పూస కూడా తట్టుకుంటుంది. గీస్తే పొడి రావడం కూడా రుజువు కాదు. ఆల్చిప్పను అరగదీసి చేసిన పూసకు ముత్యం రంగు పూత వేసి అమ్ముతారు, దాన్ని గీసినా తెల్ల పొడే వస్తుంది.

రెండు ముత్యాలను ఒకదానికొకటి మెల్లగా రుద్ది చూడండి. సన్న ఇసుక తగిలినట్టు గరుగ్గా అనిపిస్తే అది ముత్యం. నున్నగా జారిపోతే అనుమానించాలి. ఆ తర్వాత లూప్‌తో బెజ్జం అంచు చూడండి. నకిలీ అయితే అక్కడ పూత పెచ్చులుగా లేచి, కింద గాజో ప్లాస్టిక్కో కనిపిస్తుంది. రంగు వేసిన నల్ల ముత్యమైతే బెజ్జం చుట్టూ రంగు చిక్కగా పేరుకుని ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రంలోని తహితీ దీవుల వైపు పుట్టుకతోనే నల్లటి ముత్యాలు వస్తాయి, కానీ వాటి ధర వేరు.

అపోహ: కల్చర్డ్ ముత్యమంటే, అంటే మనిషి పెంచిన ముత్యమంటే నకిలీ. హైదరాబాద్ ముత్యమంటే ఇక్కడ పండింది.

ఈ రెండూ కలిపి చెబితేనే అర్థమవుతాయి. మన ఊరికి సముద్రం లేదు. ముత్యం ఇక్కడ పుట్టలేదు, ఇక్కడికి వచ్చి నగ అయింది. నిజాంల కాలంలో పర్షియా సింధుశాఖ (గల్ఫ్) ముత్యాలు బస్రా రేవు మీదుగా వచ్చేవి కాబట్టి వాటికి బస్రా ముత్యాలని పేరు పడింది. మనవాళ్ళ గొప్పతనం బెజ్జం వేయడం, శుభ్రం చేయడం, సైజులు ఏరడం, కూర్చడంలో ఉంది. ఆ నైపుణ్యం చుట్టూనే చార్మినార్ దగ్గర బజారు పెరిగింది.

నిజాం నగల్లో సత్లడ అని ఏడు వరసల బస్రా ముత్యాల హారం ఉంది. అందులో 465 ముత్యాలు. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగల్లో అదీ ఒకటి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ నగలు ప్రదర్శనకు పెట్టినప్పుడు చూసినవాళ్ళకు తెలుసు, ఏడు వరసల్లో పక్కపక్క ముత్యాలు ఎంత చక్కగా కలిశాయో. వాటిని ఎవరూ పెంచలేదు. దొరికినవాటిలోంచి ఒకదానికొకటి జోడు కుదిరేవి ఏరి కూర్చారు. నా దృష్టిలో ఆ హారంలో డబ్బు కన్నా విలువైనది ఆ ఏరడమే.

జపాన్‌లో మికిమోతో కోకిచి 1893లో ఆల్చిప్పలో అర్ధ ముత్యం పెంచి చూపించాక ఈ వ్యాపారం దారి మారింది. కల్చర్డ్ ముత్యం కూడా ఆల్చిప్ప లోపలే, అదే పదార్థంతో పెరుగుతుంది. మొదటి తోపు మాత్రం మనిషి ఇస్తాడు. ఇప్పుడు మన బజార్లో ఎక్కువగా ఉన్నవి చైనా మంచినీటి ముత్యాలు. వాటిలో సాధారణంగా వేరే ఆల్చిప్ప కణజాలపు ముక్క ఒక్కటే పెడతారు, అందుకే దాదాపు ముత్యమంతా ముత్యపు పొరే. అకోయా అనే జాతి సముద్రపు ఆల్చిప్పలో పెంచే ముత్యంలో మాత్రం గుండ్రటి ఆల్చిప్ప పూస పెట్టి, దాని మీద పొర కట్టనిస్తారు. లూప్‌తో బెజ్జం లోపలికి చూస్తే పొరకీ పూసకీ మధ్య గీత కనిపిస్తుంది. ఆ పొర ఎంత పల్చగా ఉంటే మెరుపు అంత త్వరగా పోతుంది.

"ఇది మా నానమ్మ బస్రా దండ" అని చాలామంది తెస్తారు. పాత సహజ ముత్యాలకు బెజ్జం చాలా సన్నగా ఉంటుంది. తూకం లెక్కన అమ్మేవి కాబట్టి పెద్ద బెజ్జం వేస్తే అంత ధర పోయినట్టే. నా మామూలు సూది దూరకపోతే నేను పని ఆపి, ల్యాబ్‌లో చూపించుకోమని చెబుతాను. సహజమా, పెంచిందా అని కచ్చితంగా తేల్చేది ఎక్స్‌రే. కంటితో చూసినా, పంటికి రాసి చూసినా, లూప్ పెట్టినా ఆ మాట తేలదు.

అపోహ: రాయి పేరు చెబితే అది ఏ రాయో తెలిసిపోయినట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే. జనరల్ బజార్‌కో బేగం బజార్‌కో వెళ్ళి ఒక లైన్ పూసలు కొంటే, చెప్పే పేర్లలో సగం రాళ్ళ పేర్లు కావు, సరుకు పేర్లు. మొనాలిసా పూసలు అంటారు. ఆ పేరుతో భూమిలో ఏ ఖనిజమూ లేదు. ఆకుపచ్చగా ఉంటే చాలు జేడ్ అంటారు, చాలాసార్లు అది రంగు వేసిన క్వార్ట్జ్ జాతి రాయి. ఫిరోజా (టర్కోయిజ్) అని అమ్మే చవక పూసల్లో చాలా వరకు హౌలైట్, మాగ్నసైట్ లాంటి తెల్లటి రాళ్ళకు నీలం రంగు వేసినవి. మిలమిల మెరిసే గోధుమరంగు గోల్డ్‌స్టోన్ రాయే కాదు, రాగి రేణువులు కలిపిన గాజు. నల్ల ఓనిక్స్ దాదాపు అంతా అగేట్ అనే రాయిని చక్కెర ద్రావణంలో నానబెట్టి, ఆమ్లంతో ఆ చక్కెరను బొగ్గు చేసి నల్లబరిచినదే.

మన తెలుగు పేర్లలోనూ చిక్కు ఉంది. పుష్యరాగం అంటే నిఘంటువులో టోపాజ్ అని కనిపిస్తుంది. నగల బజార్లో ఆ పేరుతో అడిగితే పసుపు నీలమణి (ఎల్లో సఫైర్) చూపిస్తారు, పాతబస్తీలో పుఖ్రాజ్ అనేదీ అదే. సిట్రిన్‌ను సునేలా అంటారు. మూడూ పసుపే, మూడూ వేర్వేరు ఖనిజాలు. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద పసుపు నీలమణి 9, టోపాజ్ 8, సిట్రిన్ 7. ధరల్లో తేడా ఇంకా ఎక్కువ. అందుకే బిల్లు మీద ఖనిజం పేరు రాయించుకోండి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. రంగు వేయడం, కాల్చడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. మార్కెట్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం అమెథిస్ట్ అనే ఊదారంగు క్వార్ట్జ్‌ను కాల్చి చేసిందే. గుజరాత్‌లోని ఖంభాత్‌లో కార్నీలియన్ అనే రాయిని కాల్చి ఎర్రబరచడం తరతరాల విద్య. ముత్యాలను కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు. మరకతాల్లో పగుళ్ళు కనపడకుండా నూనె ఎక్కిస్తారు. కొన్నిటికి ఆకుపచ్చ రంగు కలిపిన నూనె వాడతారు. కెంపు పూసల పగుళ్ళలోకి సీసం కలిసిన గాజును కరిగించి నింపుతారు. వీటిలో కొన్ని మన్నుతాయి, కొన్ని మన్నవు. కాల్చిన రంగు నిలుస్తుంది. నూనె ఆరిపోతుంది. సీసపు గాజు నిమ్మరసానికే దెబ్బతింటుంది. కొనేవాళ్ళకు తెలియాల్సింది ఆ తేడా.

రంగు వేశారన్న అనుమానం వస్తే, దూదికి కొద్దిగా నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది బెజ్జం దగ్గర తుడవండి. రంగు అంటితే విషయం తేలిపోయింది. అంటకపోతే మాత్రం సహజమని అనుకోకండి, అగేట్‌లోకి ఇంకిన రంగు ఇలా ఊడదు. ముత్యాల మీద, పగడాల మీద ఈ పని చేయవద్దు.

అపోహ: గాజు పూస అంటే చులకన.

తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజు పూసలు చేశారు. కొలిమిలో కరిగిన గాజును లోపల బోలుగా ఉండే సన్న గొట్టంలా సాగదీసి, చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఆ పూసకు ఎవరూ బెజ్జం తొలచరు, బెజ్జంతోనే పుడుతుంది. ఇలా సాగదీసిన పూసలే ఒకప్పుడు మన తీరాల నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయి. మన నల్లపూసల్లో ఎక్కువ భాగం గాజే. గాజును గాజు ధరకు కొంటే అందులో చిన్నతనం ఏమీ లేదు.

అపోహ: బంగారానికి పెట్టే చింతపండు, నిమ్మకాయ నగ మొత్తానికి మంచిదే.

దయచేసి ఈ పని చేయకండి. నాకు తెలిసిన ఒక పిన్ని తన గుట్టపూసల హారాన్ని శ్రావణమాసం ముందు చింతపండు నీళ్ళలో రాత్రంతా నానబెట్టింది. పొద్దునకు బంగారం ధగధగలాడింది, ముత్యాలు సున్నం ముద్దల్లా అయ్యాయి. పులుపు ఏదైనా కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. పాలిష్ పెట్టిస్తే మెరుపు తిరిగొస్తుందా అని ఆమె ఎంతో ఆశగా అడిగింది. పోయిన పొర తిరిగి రాదు. అంచుల్లో వేలాడే సన్న ముత్యాలన్నీ విప్పి కొత్తవి గుచ్చడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. అవి ఆమె అమ్మ పెళ్ళినాటి ముత్యాలు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ఉంది.

పగడానిదీ అదే పదార్థం, అదే జాగ్రత్త. నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో ముత్యం, పగడం, మరకతం వేయనివ్వకండి. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడితే చాలు. సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాక చివర్న వేసుకోండి, ఇంటికొచ్చాక ముందు తీసేయండి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి ఏళ్ళ తరబడి లాకర్లో పెట్టవద్దు. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి, మధ్యమధ్యలో వేసుకోండి.

అపోహ: ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసేది ముత్యాలు మిగుల్చుకోవడానికి.

ఈ మాట నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఆరు మిల్లీమీటర్ల ముత్యాలతో పదహారు అంగుళాల దండకు అరవైకి పైగా పడతాయి. అన్నిటి మధ్యా ముడి వేస్తే, దారం మందాన్ని బట్టి, సుమారు అంగుళం పొడవు ముళ్ళకే పోతుంది. అంటే మూడు నాలుగు ముత్యాలు తగ్గే మాట నిజమే. కానీ ఆ ముడి లేకపోతే ముత్యాలు ఒకదానికొకటి రాసుకుని బెజ్జం అంచులు అరుగుతాయి. దారం తెగితే రైతు బజార్లో దండంతా నేల మీద ఉంటుంది. ముడి ఉంటే ఒక్కటే జారుతుంది. ఒక్కో ముడిని సూదితో ముత్యం అంచుదాకా నెట్టి బిగించడానికి పట్టే సమయం, ముడి లేకుండా గుచ్చేదానికి ఎన్నో రెట్లు.

అన్నిటికీ ఒకే దారం అన్నదీ పొరపాటే. ముత్యాలకు పట్టుదారం మంచిది. రాళ్ళ పూసల బెజ్జం అంచులు పదునుగా ఉంటే పట్టును కోసేస్తాయి, వాటికి గేర్ వైర్ అనే సన్న స్టీలు తీగ వాడి, గేర్ లాక్ అనే చిన్న లోహపు గుండును నొక్కి బిగిస్తాం. అదే స్టీలు వైరు ముత్యంలో వేస్తే బెజ్జాన్ని కోసుకుపోతుంది. ఫ్యాషన్ అని ముత్యం పక్కన నేరుగా అమెథిస్ట్ గుచ్చమంటారు. అమెథిస్ట్ క్వార్ట్జే, దాని గట్టిదనం 7, ముత్యానిది 4కు అటూ ఇటూ. రెండేళ్ళలో ముత్యం మీద గీతలు పడతాయి. నేను మధ్యలో ముడి అయినా వేస్తాను, చిన్న బంగారు గుండు అయినా పెడతాను.

అపోహ: హాల్‌మార్క్ ఉంది కాబట్టి రాళ్ళూ అసలువే.

హాల్‌మార్క్, దానితో వచ్చే హెచ్‌యూఐడీ (అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే నగ గుర్తింపు కోడ్) బంగారం స్వచ్ఛత గురించి మాత్రమే చెబుతాయి. పూసల గురించి ఒక్క ముక్క చెప్పవు. ఇంకా ముఖ్యం, మొత్తం తూకం వేరు, బంగారం తూకం వేరు. ఒకసారి మా అత్తయ్య కొన్న హారంలో పూసల బరువుకు కూడా బంగారం రేటే కట్టారు. బిల్లులో నికర బంగారం, పూసలు విడివిడిగా రాయించి ఉంటే ఆ నష్టం అప్పుడే కంటబడేది.

రోజూ వేసుకునే దండకు ఏడాది, రెండేళ్ళకోసారి దారం మార్పించండి. ముత్యాల మధ్య దారం కనబడుతున్నా, ముడి దగ్గర నల్లబడినా ఇంకా ముందే మార్పించాలి. చెమటతో కలిసిన దుమ్ము దారంలో చేరి, బెజ్జాన్ని లోపలినుంచి అరగదీస్తుంది. గుచ్చడానికి ఎవరికిచ్చినా, నాకిచ్చినా సరే, ముత్యాలు మీరే లెక్కపెట్టండి. దండను స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. లెక్క, మిల్లీమీటర్ల సైజు చీటీ మీద రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు ఆ చీటీ ముందుపెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టండి. అలా లెక్కపెడితే నేనెప్పుడూ బాధపడను, కుర్చీ వేసి దీపం దగ్గరికి జరుపుతాను.